అత్యవసర కాల్స్ మాత్రమే

“—రాసుంది కాబట్టే అక్కడ నిలబడ్డానత్తయ్యా! తెలుగులో రాసుంది ఫోను మీద, అత్యవసర కాల్స్ మాత్రమే అని. మొగుడు మూతి వంకరపోయి పడిపోతే అది అత్యవసరం కాదా?”

“రాసుంటే మోగాలిగా మరి?”

“నొక్కుతూనే ఉన్నా. వెళుతున్నట్టే చూపిస్తుంది, ఆగిపోతుంది. మళ్ళీ నొక్కా. మళ్ళీ అంతే.”

“హలో కట్ట ఎక్కితే మోగేదిగా, ఎంత దూరమే నీకు? కాళ్ళు విరిగాయా? నా కొడుకు కాయలారబోసిన పట్టా మీద పడి కొట్టుకుంటుంటే ఫోను చూసుకుంటూ నిలబడింది మహాతల్లి. ఈ మాట నేనంటున్నానా, ఊరంటోంది.”

“గట్టిగా అనకండి. ఆయన వింటున్నాడు.”

“విననీ. వినడం ఒక్కటేగా మిగిలింది వాడికి.”

పక్కింటి పిట్టగోడకు వేసిన నిచ్చెన మీద నిలబడి యలమంద ఇదంతా విన్నాడు. ఆ ఇంటి ఇంటర్నెట్ తీగను కోతులు తెంపేస్తే అతకడానికి వచ్చాడు. కింద అరుస్తున్న వెంకాయమ్మ అతనికి వరసకు పిన్ని. జవాబు చెబుతున్న కోటేశ్వరి ఆమె పెద్దకోడలు. లోపల మంచం మీద ఉన్నది వెంకాయమ్మ పెద్దకొడుకు మాలకొండయ్య. ఫిబ్రవరిలో మిరప కల్లంలో పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఇంజెక్షన్ పనిచేసేదని ఒంగోలు ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు. ఆ ఒక్క మాట వాళ్ళకంటే ముందే ఊరు చేరింది.

కోటేశ్వరి ఫోను చూసుకుంటూ నిలబడిందన్న మాట యలమంద టీకొట్టు దగ్గర విన్నాడు, పాలకేంద్రం దగ్గర విన్నాడు. నిజమేనేమో అని కూడా అనుకున్నాడు. ఆ ఫోను మీద ఏం రాసుందో మాత్రం ఇప్పుడే విన్నాడు. కల్లం ఉన్నది పల్లంలో. అక్కడ మామూలు కార్డున్న ఫోను ఏది తీసి చూసినా “సర్వీస్ లేదు” అని ఉండాలి. ఇంకోలా ఉందంటే కారణం ఒక్కటే. అది తెలిసినవాడు ఊళ్ళో తనొక్కడే.

తీగ అతికి, దిగి, నిచ్చెన భుజాన వేసుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు టీ తాగి వెళ్ళమంటే పనుందన్నాడు.

*

జొన్నలపాలెంలో అతన్ని ఇప్పటికీ కేబుల్ యలమంద అనే అంటారు. టీవీ తీగ లాగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇంటర్ తప్పి, అద్దంకిలో ఒక కేబుల్ ఆపరేటరు దగ్గర స్తంభాలెక్కడం నేర్చుకుని, పెళ్ళయిన ఏడాదే సొంత ఊళ్ళో డిష్షు పెట్టాడు. ఇంటి ముందు గదిని కంట్రోల్ రూమ్ అనేవాడు. భార్య అందులోనే బియ్యం బస్తాలు కూడా పెట్టేది.

ఆ పనిలో అతను నేర్చుకున్నది ఒకటుంది. బొమ్మ రావడం లేదని ఫోను వస్తే ముందు బొమ్మ ఇవ్వాలి, ఎందుకు పోయిందో తర్వాత చూసుకోవాలి. క్రికెట్ ఫైనల్ నడుస్తుండగా వీధి చివర ఒక ఇంట్లో బొమ్మ పోతే, తీగ ఎక్కడ పాడయిందో వెతికేవాడు కాదు. ఆ వీధి మొత్తానికీ ఆంప్లిఫయరు పెంచేసేవాడు. మొదటి రెండు మూడు ఇళ్ళలో బొమ్మ కాస్త పగిలేది. పగిలిన బొమ్మకు ఎవరూ తిట్టరు. బొమ్మ అసలు లేకపోతేనే ఇంటి మీదకొస్తారు. మర్నాడు తీరిగ్గా పోయి చెడిన ముక్క మార్చేవాడు. మార్చని మర్నాళ్ళు కూడా ఉన్నాయి.

గొడుగులంత డిష్షులు పోయి పెట్టెలొచ్చాయి, పెట్టెలు పోయి జనం ఫోన్లలోనే అన్నీ చూడటం మొదలుపెట్టారు. యలమంద పాత స్తంభాల మీదే ఇంటర్నెట్ తీగ లాగి ఎలాగో నిలబడ్డాడు. ఊరు మెరక మీద ఉంది కాబట్టి ఊళ్ళో సిగ్నల్‌కి లోటు లేదు. చేలన్నీ సాగర్ కాలువ కట్టకు అవతల, వాగు దాకా, పల్లంలో ఉన్నాయి. నల్లరేగడి. మిరప, పత్తి. కట్ట దిగితే ఫోను చచ్చినట్టే. ఎవరికైనా మాట్లాడాలంటే చేలోంచి కట్ట మీదకి ఎక్కాల్సిందే. పొద్దున్నే అక్కడ నిలబడితే పది మంది పది వైపులకు తిరిగి హలో హలో అంటూ కనిపిస్తారు. హలో కట్ట అన్న పేరు అలా వచ్చింది.

మూడేళ్ళ కిందట ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి శ్రీరమ్య అనే లెక్చరరు ఆ పల్లాన్ని చూడటానికి వచ్చింది. సిగ్నల్ లేని చోటే తనకు కావాలంది. కాలేజీ పేరు మీద ప్రయోగానికి అనుమతి ఉంది. చేతిలో పట్టేంత కంప్యూటరు, అరచేతంత రేడియో బోర్డు, ఒక యాంటెనా. వాటితో ఒక చిన్న సెల్ టవరు, మన సిమ్ కార్డులకు మాత్రమే పనిచేసేది.

“ఈ సాఫ్ట్‌వేరు ఎవరమ్ముతారు మేడమ్?” అని యలమంద అడిగాడు.

“ఎవరూ అమ్మరండి. రాసినవాళ్ళు తలా ఒక దేశంలో ఉన్నారు. బోర్డు నక్షా కూడా అందరికీ పెట్టేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు.”

“మార్చి పాడుచేస్తే?”

“అప్పుడు మనల్నే అనుకోవాలి,” అని ఆమె నవ్వింది.

ఆమెతో వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు పరీక్షలొచ్చి వెళ్ళిపోయారు. యలమంద ఉండిపోయాడు. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. తెలియనిది మేడమ్‌ని అడిగాడు, ఆమెకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి ఎక్కడెక్కడివాళ్ళకో రాశారు. కట్ట మీద పాడుబడ్డ పంపు షెడ్డు కప్పుకి ఇనప గొట్టం నిలబెట్టి యాంటెనా బిగించాడు. కంట్రోల్ రూమ్ నుంచి అక్కడిదాకా తీగ లాగాడు. ఆ టవరు పెట్టెలో ఫ్యాను మిరప ఘాటుకి తరచూ పట్టేసేది. మూత తీస్తే తుమ్ములు ఆగేవి కాదు.

రైతు సంఘం వాళ్ళ మొటార్లకు ఒక్కొక్కదానికీ కార్డు వేసే స్టార్టరు వచ్చింది. త్రీ ఫేజు కరెంటు ఎప్పుడిస్తారో తెలియక చేలో కాపలా కాసినవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనులో మొటారు వేసుకున్నారు. సభ్యులు చేలల్లో ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగారు. సంఘం అధ్యక్షుడు బుల్లయ్య, ఎప్పుడూ యలమందను “ఏరా తీగలోడా” అనే మనిషి, మొదటిసారి అరుగు మీద నుంచి మొటారు వేసిన రోజున “కూర్చోరా” అని కుర్చీ చూపించాడు. ఆ కుర్చీ యలమందకు బాగా నచ్చింది.

కిందటి డిసెంబరులో సంఘంలోకి కొత్తవాళ్ళు చేరారు. మాలకొండయ్య, అతని తమ్ముడు సురేంద్ర వాళ్ళలో ఉన్నారు. కార్డులు చాలలేదు. తొందరలో యలమంద ఎక్కడో చవక కార్డులు తెప్పించి రాశాడు. కొత్త మొటార్లు ఒక్కటీ పెట్టెతో కలవలేదు.

ఏ టవరైనా తన గురించి తను గాలిలో చాటుకుంటూనే ఉంటుంది. యలమంద పెట్టె చాటే మాటల్లో ఒకటి, ఇది మావాళ్ళకే, మిగతా ఫోన్లు ఇటు రావద్దు అని. ఆ మాట దాటి లోపలికి రావాలంటే కార్డులో ఒక గుర్తు ఉండాలి. చవక కార్డులు ఆ గుర్తు రాయించుకోలేదు. అప్పటికి తోటలు పూత మీదున్నాయి. సురేంద్ర పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోను చేసి, “అన్నా, పాతవాళ్ళకేనా నీళ్ళు?” అంటున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం కదిలించొద్దని శ్రీరమ్య చెప్పి ఉంది. ఎందుకో కూడా చెప్పింది, అతను సరిగా వినలేదు. ముందు బొమ్మ రావాలి. పెట్టె ఆ మాట చాటకుండా తీసేశాడు. కొత్త మొటార్లు కలిశాయి. మంచి కార్డులొచ్చాక మళ్ళీ పెడదామనుకున్నాడు. ఆ కార్డులు తెప్పించలేదు. మేడమ్‌కి చెప్పలేదు.

*

నిచ్చెన ఇంట్లో పెట్టి పల్లంలోకి దిగాడు. మాలకొండయ్య కల్లం పక్కన కర్నూలు వైపు నుంచి వచ్చిన కోత కూలీల గుడారాలున్నాయి. వాళ్ళ మేస్త్రి జోహరాబీ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

“ఒకసారి నీ ఫోను ఇస్తావా అక్కా?”

“ఇక్కడ పలకదన్నా. మాట్లాడాలంటే కట్ట ఎక్కాల.” ఫోను చీర కొంగుకు తుడిచి ఇచ్చింది. “ఎమర్జెన్సీ మాత్రం ఉందిలే. పోయినేడు అదీ లేకుండె. బాగు చేసినారు.”

తెర పైన ఆ మూడు మాటలు ఉన్నాయి. యలమంద 108 నొక్కాడు. కాల్ వెళుతోందని చూపించింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు.

చుట్టూ ఏ సిగ్నలూ దొరకని ఫోను చివరికి అతని పెట్టెను పట్టుకుంటోంది. ప్రాణం మీదికి వస్తే ఏ టవరైనా కాల్ తీసుకోవాలన్నది ఫోన్లకు తెలిసిన నియమం. అందుకే ఆ మాట రాసుకుంటుంది. యలమంద పెట్టెకు మొటార్లు తెలుసు, సంఘం వాళ్ళ ఫోన్లు తెలుసు. 108కి పోయే దారి దానికి లేదు. తీసుకున్న కాల్ అక్కడే పోతుంది.

“ఎవరికన్నా?” అంది జోహరాబీ.

“ఎవరికీ కాదు. ఊరికే.”

“పిల్లోడికి జ్వరమొచ్చినా, పామొచ్చినా నొక్కొచ్చునంట కదా?”

“నొక్కొద్దు,” అన్నాడు యలమంద. “కట్ట మీదకే పోండి. అందరికీ చెప్పు.” ఆమె ఇంకా ఏదో అడగబోతుంటే ఫోను చేతిలో పెట్టి కట్ట మీది పంపు షెడ్డు వైపు నడిచాడు.

తీసేసిన మాటను మళ్ళీ పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. దిగి వచ్చి మళ్ళీ ఫోను అడిగి చూశాడు. సర్వీస్ లేదు. కొత్త మొటార్లన్నీ ఆ క్షణంలోనే తెగిపోయి ఉంటాయని అతనికి తెలుసు.

అక్కడ నుంచే బుల్లయ్య ఇంటికి వెళ్ళాడు. బుల్లయ్య చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అంతా విన్నాడు. కడగడం ఆపలేదు.

“అయితే ఇప్పుడు పెట్టేశావుగా?”

“పెట్టాను బాబాయ్.”

“ఇంకేం? అయిపోయింది.”

“కోటేశ్వరిని ఊరంతా అంటున్నారు.”

“ఊరు ఎవర్ని అనదురా? నాలుగు రోజులు అంటారు, ఇంకొకడు దొరికితే వాణ్ణంటారు. నువ్వు చెప్తే మాలకొండయ్య లేచి నడుస్తాడా?” తువ్వాలు తీసుకున్నాడు. “ఆ కొత్త మొటార్ల సంగతి చూడు ముందు. మంచి కార్డులు ఎప్పుడొస్తాయి?”

“వచ్చేసరికి ఆఖరి కోత అయిపోతుంది.”

“అయితే తెరిచెయ్యి మళ్ళీ. పల్లంలో 108 నొక్కొద్దు, కట్టెక్కమని కూలీలకు చెబుదాం. ఎందుకు అనడిగితే సిగ్నల్ లేదందాం. ఇన్నేళ్ళూ లేదుగా?”

శ్రీరమ్యకు ఫోను చేసేసరికి ఆమె క్లాసులో ఉంది. కాసేపటికి తనే చేసింది. యలమంద అంతా చెప్పాడు.

“మనిషి ఎలా ఉన్నాడండీ?”

“మాట రాదు మేడమ్.”

“మీకు చెప్పాను కదా యలమంద గారూ.”

“చెప్పారు.”

“నేను కూడా వచ్చి చూసుకోవాల్సింది. ఈ సెమిస్టరంతా రాలేదు. ఇది మీరు నాకు రాసి పంపాలి. పంపితే నేను పైకి పంపాలి. పంపితే విచారణ తేలేదాకా మొత్తం ఆపమంటారు. పాత మొటార్లు కూడా. అనుమతి ఉంటుందో లేదో కూడా తెలియదు.”

“రాయకపోతే?”

“నాకూ ఉద్యోగమేనండీ ఇది,” అంది ఆమె. “రాయొద్దని మాత్రం నా నోటితో అనలేను.”

*

మర్నాడు పొద్దున యలమంద వెళ్ళేసరికి కోటేశ్వరి కల్లంలో తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. మాలకొండయ్యను చూసుకోవడానికి తన తల్లి సింగరాయకొండ నుంచి వచ్చింది కాబట్టి ఈ పూట చేలోకి రాగలిగింది. యలమందను చూసి లేచింది గానీ గుడ్డ తీయలేదు.

“మొటారు ఆడటం లేదు బావగారూ. పొద్దుటి నుంచి ఫోనులో వేస్తుంటే పలకదు. ఆయన్ని వదిలి మాటిమాటికీ ఇక్కడికి రాలేనని ఆ స్టార్టరు మీదే ఉన్నాను.”

“అది చెబుదామనే వచ్చానమ్మా.”

నిలబడే చెప్పాడు. రాత్రంతా ఎలా చెప్పాలో అనుకున్నదేదీ నోటికి రాలేదు. ఫోను మీద కనిపించిన ఆ మాటకు కారణం తన పెట్టె అని, అది లేకపోతే నీ ఫోను సర్వీస్ లేదనే చూపించేదని, అప్పుడు నువ్వు కట్ట మీదకే పరిగెత్తేదానివని చెప్పాడు. డిసెంబరులో తను ఏం తీసేశాడో, ఎందుకు తీసేశాడో చెప్పాడు.

కోటేశ్వరి కింద కూర్చుంది. చేతిలో ఉన్న కాయను తాలు కుప్పలో వేసింది. అది తాలు కాయ కాదు. మళ్ళీ తీసి ఇటు వేసింది.

“నేను పిచ్చిదాన్నేమో అనుకున్నా,” అంది. “నాకు నొక్కడం రాలేదేమో అనుకున్నా. ఆయన ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. ఉన్నదొక్కటే నాది, సంఘం కార్డు లేనిది. ఆయన నా వైపే చూస్తున్నాడు. నేను ఫోను చూస్తున్నా. చివరికి కూలీల ఆటో కనబడితే దానికి ఎదురుపోయి ఏడ్చా. అప్పటికే ఎండ ఆ పట్టా మీద నుంచి ఈ పట్టా మీదకి వచ్చింది.”

యలమంద కాలి దగ్గర పడిన కాయ తీసి కుప్పలో వేశాడు.

“ఎందుకు చెబుతున్నారు నాకు?”

“తెలియాలి కదమ్మా నీకు.”

“నాకు తెలిస్తే ఏమవుద్ది? మీ బరువు నా నెత్తిన పెట్టి పోదామని వచ్చారా?”

“అందరిలో చెబుతాను. పిన్నికి కూడా చెబుతాను.”

“మా అత్త ఏమంటదో తెలుసా? వాడి పెట్టె సంగతి నాకెందుకు, కట్ట అక్కడే ఉందిగా, నువ్వెందుకు పరిగెత్తలేదంటది. మీరు బయటికెళ్ళాక అదే అంటది.” గుడ్డ కిందకి లాగింది. “అయితే నా మొటారు అందుకే ఆగిందా?”

“ఆ. నిన్న మూసేశాను. కొత్తవాళ్ళవన్నీ ఆగాయి.”

“తెరవండి.”

“తెరిస్తే మళ్ళీ ఎవరి ఫోనైనా అలాగే...” చేత్తో గుడారాల వైపు చూపించాడు. ఇద్దరు చిన్నపిల్లలు తాలు కాయలతో ఆడుతున్నారు. ఎవరో తల్లి వచ్చి చేతులు కడగడానికి లాక్కుపోతోంది.

కోటేశ్వరి అటే చూసింది.

“మేడమ్‌కి రాస్తే పాతవాళ్ళవి కూడా ఆగిపోతాయి,” అన్నాడు యలమంద. “పెట్టె మొత్తం ఆపమంటారు. మళ్ళీ ఇస్తారో లేదో. నువ్వు చెప్పమ్మా, రాయమంటావా, వద్దా?”

“నన్నడుగుతారేంటి బావగారూ?” అంది ఆమె. గొంతు పెద్దది చేయలేదు. “అది తీసేటప్పుడు నన్నడిగారా?”

ముక్కుకి గుడ్డ కట్టుకుని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. యలమంద గట్టు వెంట వాళ్ళ బోరు దగ్గరికి నడిచాడు. కరెంటు ఉంది. స్టార్టరు మీద పచ్చబటన్ చేత్తో నొక్కాడు. నీళ్ళు గొట్టంలో కక్కి, ఆగి, మళ్ళీ సర్దుకుని పారాయి. వాటిని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. కరెంటు పోయి వస్తే మళ్ళీ ఎవరో ఒకరు ఇంత దూరం రావాలి.

*

సంఘం షెడ్డులో మధ్యాహ్నం కూర్చుందామని బుల్లయ్య కబురు చేశాడు. యలమంద వెళ్ళేసరికే గొడవ మొదలైంది. కొత్తవాళ్ళు ఒకవైపు, పాతవాళ్ళు ఒకవైపు. మాలకొండయ్య సభ్యుడు కాబట్టి అతని తరఫున కోటేశ్వరి వచ్చింది. ఆమె ఒక్కతే రావడం బాగుండదని వెంకాయమ్మ కూడా వచ్చి, కోడలికి దూరంగా తలుపు దగ్గర మిరపకాయల టిక్కీ బస్తా మీద కూర్చుంది.

“పాతవాళ్ళవి ఆడుతున్నాయి, మావి ఆగాయి. ఇదేం న్యాయం?” అంటున్నాడు సురేంద్ర. “మా తోటలు తాగేవి నీళ్ళు కావా?”

“ఒరేయ్, అరవకు. కార్డులు పాడయ్యాయి, అంతే,” అన్నాడు బుల్లయ్య.

“నిన్నటిదాకా బాగున్న కార్డులు ఒక్కసారే పాడయ్యాయా? అన్నా, నువ్వు చెప్పు,” అంటూ యలమంద వైపు తిరిగాడు. “నిన్న పంపు షెడ్డు మీద ఎక్కావంట. మేస్త్రి చెప్పింది. ఏం చేశావు?”

“వాడు ఏదో సరిచేస్తున్నాడు. రేపటికి తెరుస్తాడు,” అన్నాడు బుల్లయ్య. “ఏరా, తెరుస్తావుగా?”

యలమంద గోడ పక్కన నిలబడే ఉన్నాడు. బుల్లయ్య కళ్ళతోనే పక్క కుర్చీ చూపించాడు.

“రేపటికైతే సరే,” అన్నాడు సురేంద్ర. “మా ఇంట్లో ఒక మనిషి ఫోను పట్టుకుని నిలబడి చేసిన నష్టం చాలు. ఇప్పుడు నువ్వు మమ్మల్ని కూడా ఫోన్లు పట్టించి నిలబెడితే ఇంక తోటలు కాల్చుకోవాల్సిందే.”

ఎవరో నవ్వారు. కోటేశ్వరి చాప అంచు చూస్తోంది. వెంకాయమ్మ ఆ మాట బాగుందన్నట్టు ముక్కు ఎగబీల్చింది.

“ఆమె నిలబడింది నా మూలంగా,” అన్నాడు యలమంద.

“ఏంటన్నా?”

“పల్లంలో ఆ ఫోను మీద అత్యవసరానికి కాల్ పోతుందని కనబడింది నా పెట్టె వల్ల. పోదు. నా పెట్టెకు ఆ దారి లేదు. బయటి ఫోన్లను దూరంగా ఉంచేది ఒకటుంది, దాన్ని డిసెంబరులో నేను తీసేశాను. మీ కొత్త కార్డులు కలవాలని తీసేశాను. అది ఉండుంటే ఆమె ఫోను సర్వీస్ లేదని చూపించేది. ఆమె కట్ట మీదకే పరిగెత్తేది.”

షెడ్డులో అందరూ ఒకేసారి మాట్లాడారు. “అయితే మాలకొండయ్య—” అని ఎవరో అంటుంటే, “ఇప్పుడు పెట్టావు కదా మళ్ళీ?” అని ఇంకొకరు అడిగారు. సురేంద్ర ముఖం ఎర్రబడింది. “మా కార్డుల కోసం అంటావేంటి? అంటే మా అన్న పడింది మా వల్లనా?” అన్నాడు.

“కట్ట అక్కడే ఉందిగా,” అంది వెంకాయమ్మ తలుపు దగ్గర నుంచి. “అది ఎటూ పోలేదుగా.”

కోటేశ్వరి తల ఎత్తి యలమంద వైపు చూసింది.

“పిన్నీ, కట్ట ఉంది,” అన్నాడు యలమంద. “కాల్ పోతుందని రాసుంటే నువ్వైనా నేనైనా ముందు నొక్కుతాం.”

“కూర్చోరా,” అన్నాడు బుల్లయ్య. “చెప్పావు, విన్నాం. అయిపోయినదాని గురించి తర్వాత చూద్దాం. ఆఖరి కోత దాకా తెరిచి ఉంచు. ఆ తర్వాత మంచి కార్డులే తెప్పిద్దాం. ఈలోపల కూలీలకు నేను చెబుతా. మేడమ్‌కి నేనే ఫోను చేస్తాను. ఆమెకు మాత్రం కావాలా ఈ గొడవ?”

“మేడమ్‌కి పొద్దున రాసి పంపాను బాబాయ్,” అన్నాడు యలమంద. “సాయంత్రం పెట్టె ఆపేస్తున్నాను. పాతవాళ్ళవీ, కొత్తవాళ్ళవీ, అన్నీ. రేపటి నుంచి ఎవరి స్టార్టరు దగ్గరికి వాళ్ళు నడవండి.”